మరిచిపోయిన కాళ్ళు

మొన్న ధర్మపురిలో ఒక పెళ్ళికి పోయి, ముందు వరసలో చాప మీద చోటు దొరికిందని సంబరపడి కూర్చున్నాను. పురోహితుడికి తొందర లేదు. తాళి వేళకు లేచి అక్షింతలు వేద్దామని చూస్తే ఎడమకాలు నాది కాకుండా పోయింది. పక్కావిడ భుజం పట్టుకుని, "ఒక్క నిమిషం ఉండమ్మా, కాలు మరిచిపోయింది" అన్నాను. ఆమె తిరుపతి నుంచి వచ్చిన మగపెళ్ళివారి మనిషి. నన్ను కిందికీ పైకీ చూసి, "ఎక్కడ మరిచిపోయినారు?" అని అడిగింది.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. తిమ్మిరెక్కింది అనాలట. అక్షింతలు నా తరఫున కూడా ఆమే వేసింది. నేను కాలు చాపుకుని, బొటనవేలిని పట్టి లాగుతూ కూర్చున్నాను. కాలిలోకి చీమలు పాకినట్టు ప్రాణం తిరిగి వస్తుండగా మా పెద్దమ్మ గుర్తొచ్చింది. నవ్వు ఆగిపోయింది. ఆ ఒక్క మాట వల్ల ఆమెను మేము దాదాపు పోగొట్టుకున్నాం.

మా ఇళ్ళల్లో తిమ్మిరి అనే మాట లేదు. మా పెద్దలు ఎన్నో తరాల కిందట ఇటు తమిళనాడుకు వచ్చినప్పుడు మూటలో పట్టినన్ని మాటలు తెచ్చుకున్నారు. పట్టనివి ఇక్కడ అరువు తీసుకున్నారు. తమిళంలో ఒళ్ళు మొద్దుబారితే 'మరత్తు పోచ్చు' అంటారు. మరం అంటే చెట్టు, కాలు మానులాగా అయిపోయిందని. ఏదైనా మరిచిపోతే 'మఱందు పోచ్చు' అంటారు. మొదటి దాంట్లో మామూలు ర, రెండో దాంట్లో బండి ఱ. నేను హోసూరులో తెలుగు బడిలో చదువుకున్నాను గనక నాకు ఆ అక్షరం తెలుసు. మా వాళ్ళలో ఎక్కువమందికి తెలుగు అక్షరాలే రావు, ఇక బండి ఱ ఎప్పుడో బండెక్కి పోయింది. వాళ్ళ చెవికి మరత్తు పోవడమూ మఱందు పోవడమూ ఒకటే అయి, రెంటికీ కలిపి 'మరిచిపోవడం' అనే తెలుగు మాటను తొడిగేశారు. అట్లా మా ఇళ్ళల్లో మనుషులు పేర్లు మరిచిపోతారు, కాళ్ళు మనుషుల్ని మరిచిపోతాయి.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. తుంబలహళ్ళి దగ్గర ఆనకట్ట నీళ్ళు పారే చోట వాళ్ళకు చామంతి తోట. పెదనాన్న నడివయసులోనే పోయినా ఆమె తోటను వదల్లేదు. పొద్దునే పూలు కోయించి సంతకు పంపేది, మిగిలినవి వసారాలో కూర్చుని మాలలు కట్టేది. ఆమె కూర్చునే తీరే వేరు. ఒక కాలు మడిచి, ఒక కాలు చాపి, చాపిన కాలి బొటనవేలికి అరటినార చివర చుట్టుకుని, రెండో చివర చేతిలో పట్టి బిగుతుగా లాగేది. నార వీణతీగలాగా నిలిచేది. దాని మీద వేళ్ళు ఆడేవి. ఆడేటప్పుడు ఆమె ఒక్కసారి కూడా మాల వైపు చూసేది కాదు. వీధిలో పోయేవాళ్ళను చూసేది, పలకరించేది, తిట్టేది, పెళ్ళి సంబంధాలు కుదిర్చేది.

"చూడకుండా ఎట్ల కడతావు పెద్దమ్మా?" అని చిన్నప్పుడు అడిగితే, "చూసేదేంది పాప? మొగానికుండే కండ్లు మనుషుల్ని చూసేదానికి. పూలకు చేతిలో వేరే కండ్లుండాయి" అనేది.

ముడి వదులైతే ముందు బొటనవేలికి తెలుస్తుందనేది. నేను నమ్మకుండా వెనకనుంచి నారను వేలి గోటితో తాకేదాన్ని. తల తిప్పకుండానే, "తీసెయ్ చెయ్యి" అనేది.

ఇంతమందికి పూలు కట్టిన మనిషి తను మాత్రం పువ్వు పెట్టుకునేది కాదు. పెదనాన్న పోయినప్పుడే అది అయిపోయింది. కింద రాలిన పువ్వును ఎవరైనా తొక్కితే మాత్రం ఊరుకునేది కాదు. వాళ్ళు కాలు కడుక్కుని వచ్చి దణ్ణం పెట్టుకునేదాకా వదిలేది కాదు. ఆమె కోడలు సరోజ వదిన పెళ్ళై వచ్చిన కొత్తలో ఒకసారి తెలియక తొక్కి, ఆ తిట్లు ఇప్పటికీ అప్పజెబుతుంది.

ఆమె కోరిక ఒకటే, పెరుగు. మాంసం, గుడ్డు పెళ్ళికి ముందే గురువు దగ్గర భుజాలకు శంఖచక్రాల ముద్ర వేయించుకున్నప్పుడు వదిలేసింది. ఆ లోటంతా పెరుగుతో తీర్చుకునేది. ఎవరింటికి పోయినా, "బాగుండారా?" అనడానికి ముందు, "పెరుగు తోడుకునిందా?" అని అడిగేది. రసం, కూర అన్నీ పెరుగన్నం దగ్గరికి పోయే దారి అన్నట్టు గబగబా తినేది. ఆఖరి ముద్దకు మాత్రం కళ్ళు మూసుకునేది. ఆ ముఖం చూస్తే మాకే కడుపు నిండేది.

ఆ మనిషి కాశీకి పోయింది. మా ఊళ్ళ ఆడవాళ్ళు ఒక గుంపుగా పోయారు, మా అమ్మా పోయింది. కాశీకి పోతే ఇష్టమైనదేదో ఒకటి అక్కడ వదిలి రావాలి కదా. మన ఆడవాళ్ళకు దేవుడి దగ్గర ఎంత భక్తో, వంటింటి దగ్గర అంత యుక్తి. ఒకామె కాకరకాయ వదిలింది. ఇంకొకామె బూడిద గుమ్మడి వదిలింది. మా అమ్మ సీతాఫలం వదిలింది, దాని గింజలంటే ఆమెకు మొదటినుంచీ చిరాకు. పెద్దమ్మ వంతు వచ్చింది. గంగలో నడుము లోతు నిలబడి, దోసిట్లో నీళ్ళు పట్టుకుని, "పాలూ పెరుగూ" అన్నది.

అక్కడి పంతులు తెలుగాయనే. ఆయనకే జాలేసి, "మజ్జిగైనా ఉంచుకో తల్లీ, పెద్దదానివి" అన్నాడట.

"దేవునికి ఇచ్చేదాంట్లో బేరమేంది సామీ. పిడత ఇచ్చి మూత పెట్టుకునేదా?" అన్నదట పెద్దమ్మ.

అమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా సీతాఫలం సంగతి కొంచెం గొంతు తగ్గించి చెప్పేది. పెద్దమ్మ మాత్రం తిరిగొచ్చిన రోజునుంచి పాలచుక్క ముట్టలేదు. కొడుక్కూ కోడలికీ తనే పాలు తోడుపెట్టేది. తోడుకుందో లేదో వేలు ముంచి రుచి చూసే అలవాటు కూడా మానేసి, వదినను పిలిచి చూపించేది. మేము బతిమాలాం, వేళాకోళం చేశాం, పస్తులుంటామని బెదిరించాం. ఆమె ఒకే మాట అనేది: "చెప్పిన మాట సామికి పెట్టిన పువ్వు. మళ్ళా తీసి ముడుచుకునేదానికి లేదు." నాకు అప్పుడు అది మొండితనంగానే కనిపించింది.

ఏళ్ళు గడిచాయి. మార్పు ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు. మొదట నాలుక మండుతుందని రసంలో మిరియాలు తగ్గించమన్నది. తర్వాత, దూది మీద నడిచినట్టు ఉందన్నది. వయసు మళ్ళాక ఎవరికి ఏది ఉండదని ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత ఒంటి చెప్పుతో ఇంటికి రావడం మొదలుపెట్టింది. తోటకు రెండు చెప్పులతో పోయేది, ఒకదానితో వచ్చేది. వదిన గట్ల వెంట వెతికి తెచ్చేది. "అత్తా, చెప్పు యాడో మరిచిపోయి వచ్చినావు" అని వదిన అంటే, పెద్దమ్మ తన కాలి వైపు చూసి, అది ఎవరిదో అన్నట్టు ఆశ్చర్యపోయేది.

మాలలు కట్టేటప్పుడు నార బొటనవేలి నుంచి జారిపోయేది. జారిందని ఆమెకు తెలిసేది కాదు. వదులు నార మీదే ముడులు వేస్తూ పోయేది. ఎత్తితే పూలన్నీ ఒళ్ళో రాలేవి. తర్వాత్తర్వాత మాల వైపు చూస్తూ కట్టడం మొదలుపెట్టింది, బడిలో చేరిన పిల్ల పలక వైపు చూసినట్టు. చూసి కట్టేటప్పుడు మాట్లాడలేకపోయేది. వీధిలో పోయేవాళ్ళు పలకరించినా తలెత్తేది కాదు. పెద్దమ్మకు గర్వం వచ్చిందన్నారు కొందరు. పేర్లు కూడా తప్పిపోయేవి. మా అమ్మను ఒకసారి చనిపోయిన తన అత్త పేరుతో పిలిచింది. పాలు తోడుపెట్టానని చెప్పి పెట్టేది కాదు. ఎన్నడూ లేనిది, ఊరికే కోపం, ఊరికే ఏడుపు.

వదిన ఆమెను పాలక్కోడులో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆ సంగతి వదినే నాకు తర్వాత చెప్పింది. ఆయన తమిళాయన, నెమ్మదస్తుడు. ఏమైందని పెద్దమ్మనే అడిగాడు. పెద్దమ్మది సంత తమిళం, చామంతి అమ్మడానికి చాలు. తెలుగులో అనుకున్నదాన్ని అట్లాగే తమిళంలోకి మార్చి, "కాలు, కై ఎల్లాం మఱందు పోచ్చు సామి" అన్నది. ఆమె చెప్పింది కాళ్ళూ చేతులూ మొద్దుబారాయని. ఆయనకు వినపడింది అన్నీ మరిచిపోతున్నానని. నిజమేనా అన్నట్టు వదిన వైపు చూశాడు. వదిన చెప్పుల సంగతి, పేర్ల సంగతి, పాల సంగతి చెప్పింది. అన్నీ నిజాలే. ఆయన ఇవాళ ఏ వారం అని అడిగితే పెద్దమ్మ నిన్నటి వారం చెప్పింది. వయసుతో వచ్చే మతిమరుపన్నాడు, మాత్రలు రాశాడు. నేను ఆయన్ను తప్పుపట్టను. పోయిన అక్షరానికి ఆయనేం చేస్తాడు?

ఆ రోజునుంచి ఇంట్లో ఆమె స్థానం మారిపోయింది. స్టవ్ దగ్గరికి రానివ్వలేదు. కత్తిపీట దాచేశారు. తోటకు ఒంటరిగా పోవద్దన్నారు. అందరూ ఆమెతో గట్టిగా, విడమరిచి, పసిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడేవాళ్ళు. ఆమె ఎదురుగానే ఆమె గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు, వదిన అయితే తల్లిని చూసుకున్నట్టే చూసుకుంది. కానీ ఆమె ఏం చెప్పినా మతిలేని మాట కింద జమకట్టేశారు. కాళ్ళు మరిచిపోయినాయని ఆమె రోజూ చెబుతూనే ఉంది. ఒక మాత్ర ఎక్కువ ఇచ్చేవాళ్ళు.

నేను అదియమాన్‌కోట్టైలో ఉంటాను, కుట్టుపని నాది. ఆ చలికాలం ఒకసారి వాళ్ళింటికి పోయి రాత్రి అక్కడే పడుకున్నాను. ఇంకా బాగా తెల్లవారకముందే వదిన నన్ను కుదిపి లేపి, కిటికీ దగ్గరికి తీసుకుపోయింది.

"చూడు, మీ పెద్దమ్మ వేషం. గేటు వేసినా యాడనుంచో దూరి పోయింది. వారంగా ఇదే ఆట. ఊళ్ళో తల ఎత్తుకోలేకుండా ఉండాను" అంది.

తోట గట్టు మీద మసక వెలుతురులో రెండు పసుపు వెలుగులు ఒకటి తర్వాత ఒకటి పైకి లేచి కిందికి దిగుతున్నాయి. ఒక నిమిషం నాకు అర్థం కాలేదు. పెద్దమ్మ రెండు కాళ్ళకూ, చీలమండ చుట్టూ, చామంతి మాలలు కట్టుకుని నడుస్తోంది. తలలో పువ్వు పెట్టుకోని మనిషి. పువ్వు తొక్కితే పాపమని ఊరంతటినీ తిట్టిన మనిషి. వదిన ఏడుస్తోంది.

నేను తోటలోకి పోయి, కొంచెం దూరం నుంచే, "పెద్దమ్మా" అని పిలిచాను. ఆమె తలెత్తి నా వైపు చూసింది. చూసిన మరుక్షణం ఊగింది. ముందుకు, పక్కకు, పడబోయి మోటారు కొట్టం గోడ పట్టుకుంది.

"పలకరించొద్దు పాప. నిన్ను చూస్తే కాళ్ళు పోతాయి" అంది.

నేను ఆమెను పట్టుకుని గట్టు మీద కూర్చోబెట్టాను. పక్కన కూర్చున్నాను. ఏమడగాలో తెలియక, "ఏంది పెద్దమ్మా ఈ పూలు?" అన్నాను.

"కాళ్ళు యాడుండాయో నాకు తెల్లేదు పాప. చూస్తేనే తెలిసేది. ఎండలో పరవాలేదు. ఈ మసకలో నేలా కాలూ ఒకటే రంగు. ఎత్తినానో పెట్టినానో తెల్లేదు. పసుపుపచ్చగా ఉంటే కనపడతాయి."

"పువ్వు కాలికి కడితే పాపమని నువ్వే కదా తిట్టేదానివి?"

"తొక్కేదానికా కట్టుకునింది? తొక్కకుండా ఉండేదానికి. కాలు పోయి చెట్ల మీద పడతా ఉండాది. మొగ్గలన్నీ నలిగిపోతా ఉండాయి. సామికి తెలుసు, ఏది పాపమో."

"వదినకు చెప్పకూడదా?"

"చెప్పినాను. దినమూ చెప్తా ఉండాను, కాళ్ళు మరిచిపోయినాయని. మాత్ర మింగు అంటుంది." కాలి మాల సర్దుకుని, "నాకు మతి కొంచెం పోయింది పాప, లేదనలా. మీ అమ్మ పేరే రాలేదు ఆ పొద్దు. అయినా కాళ్ళు నేను మరిచిపోలేదు. అవి నన్ను మరిచినాయి" అంది.

ఆమె నా ముఖంలోకి చూస్తూ ఇంకా ఏదో చెబుతోంది. నేను చెయ్యి కిందికి చాపి ఆమె కాలి బొటనవేలు పట్టుకున్నాను. నార తాకితే తల తిప్పకుండా తిట్టిన వేలు అది. పట్టి లాగాను. గోటితో గిల్లాను. ఆమె మాట ఆపలేదు, నా చెయ్యి అక్కడ ఉన్నట్టు ఆమెకు తెలియలేదు.

భయమేసింది. ఆ భయంలోనే ఇంకొకటి కూడా. కాళ్ళు రెండూ లేకుండా పోయినా, ఎవరూ నమ్మకపోయినా, ఈ మనిషి తన కళ్ళనే కాళ్ళుగా చేసుకుని, ఊరు నవ్వినా సరే పూలతో దారి వేసుకుని పొద్దునే తోటకు వస్తోంది. మతిపోయిందని మేమనుకున్న మనిషి మాలో ఎవరికీ తోచని ఉపాయం ఆలోచించింది. నాకు దణ్ణం పెట్టాలనిపించింది. నిజంగానే ఆ పాదాల మీద తల పెట్టాను. దానికి మాత్రం, "పిచ్చి పట్టిందా నీకు?" అన్నది.

మరునాడే ధర్మపురిలో నరాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం. కుప్పం వైపు అమ్మాయి, చిన్న వయసు. తెలుగు వింటే ముఖం వెలిగింది. వదిన ముందుగానే మతిమరుపు చీటీ తీసి టేబుల్ మీద పెట్టింది. డాక్టరమ్మ దాన్ని చదివి పక్కన పెట్టి, "నువ్వు చెప్పవ్వా, ఏమవుతా ఉంది?" అని అడిగింది.

"కాళ్ళు మరిచిపోయినాయమ్మా."

డాక్టరమ్మకు ఆ మాట కొత్త. మా వైపు చూసింది. నేను ర సంగతి, ఱ సంగతి చెప్పబోయేలోపే, "కాళ్ళను నువ్వు మరిచినావా, నిన్ను కాళ్ళు మరిచినాయా?" అని అడిగింది.

పెద్దమ్మ నా వైపు చూసి తల పంకించింది, ఈ బిడ్డకు తెలిసిందన్నట్టు. "అవే నన్ను మరిచినాయి" అంది.

అప్పుడు ఆమెను నిలబెట్టి, రెండు పక్కలా మమ్మల్ని ఉంచి, కళ్ళు మూసుకోమన్నారు. కళ్ళు తెరిచినంతసేపూ స్తంభంలా నిలబడ్డ మనిషి, మూసిన వెంటనే నరికిన అరటి బోదెలాగా వదిన మీద పడింది. తర్వాత పడుకోబెట్టి, కళ్ళు మూయించి, కాలి బొటనవేలు పట్టుకుని, "పైకి ఎత్తినానా, కిందికి వంచినానా?" అని అడిగారు. పెద్దమ్మ ఆలోచించి, ఆలోచించి, "ఏ వేలమ్మా?" అని అడిగింది. వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాలుక చాపమన్నారు. ఎర్రగా, నున్నగా, గీసి తుడిచినట్టు ఉంది.

"ఏం తింటావవ్వా?"

"అన్నం, సంగటి, పప్పు, ఆకుకూరలు."

"పాలు, పెరుగు?"

"కాశీలో ఇచ్చేసినా."

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. "మా అవ్వా పోయింది కాశీకి. ఆమె కాకరకాయ ఇచ్చేసి వచ్చింది" అంది.

"మీ అవ్వ తెలివైంది" అంది పెద్దమ్మ.

రక్తం తీశారు. ఫలితం వచ్చాక డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. బి పన్నెండు అని ఒక విటమిన్ ఉందట. ఒంటికి కావలసింది చిటికెలో చిటికెడు. మాంసంలో, గుడ్డులో, పాలల్లో ఉంటుంది, ఆకుల్లో కాయల్లో ఉండదు. ఒంట్లో దాచుకున్నది ఏళ్ళకేళ్ళు వస్తుంది, అందుకే వదిలినప్పుడు ఏమీ తెలియదు. వయసు మీదపడితే తిన్నదాన్ని ఒళ్ళు సరిగా తీసుకోదు కూడా. అది తగ్గితే నరాల మీద ఉండే పొర అరిగిపోతుంది. కాలు నేల మీద ఉందా గాలిలో ఉందా అన్న కబురు వెన్ను దాటి మెదడుకు చేరదు. మెదడుకూ అదే కావాలి. అందుకే పేర్లు జారిపోతాయి, కోపం వస్తుంది, ఏడుపొస్తుంది.

"అంటే మతిమరుపూ ఇదేనా?" అని అడిగింది వదిన.

"రెండూ ఒకటే" అంది డాక్టరమ్మ.

మా వాళ్ళు ఎన్ని తరాలుగానో తప్పు పలుకుతున్న మాట, తమిళంలో రెండు వేరువేరు మాటలు, ఒంట్లో నిజంగానే ఒకటిగా ఉన్నాయి. కాలు మరిచిపోవడమూ పేరు మరిచిపోవడమూ ఒకే లోటు.

వదిన అప్పటికే పెద్దమ్మ చేతులు పట్టుకుని బతిమాలుతోంది. "అత్తా, నీకు దణ్ణం పెడతా. ఇంక పెరుగు తిను. నీ పాపం నేను మోస్తాను."

పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. "తిననంటే కాళ్ళు పోతాయే" అని వదిన అరిచినంత పని చేసింది. "పోతే పోనీ. గంగలో నిలబడి చెప్పినప్పుడు ఈ కాళ్ళ మీదే కదా నిలబడి ఉన్నాను" అన్నది పెద్దమ్మ. అరచేతిలో పెట్టుకున్నది ఏమిటో తెలిసి, అది పోతుందని తెలిసి, మాట కోసం వదిలేయడానికి సిద్ధపడిన మనిషిని నేను అంత దగ్గరగా అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

డాక్టరమ్మే దారి చూపింది. పెరుగు తినక్కర్లేదు, ముందు సూదిమందు, తర్వాత బతికినంతకాలం మాత్రలు, అది చాలన్నది. పెద్దమ్మ వెంటనే ఒప్పుకోలేదు.

"ఆ ఊసిమందులో ఏముండాది? మాంసం కాదు కదా? పాలు కాదు కదా?"

"కాదవ్వా. కంటికి కనపడని పురుగులు ఉంటాయి, అవి తయారుచేస్తాయి."

"పాలు తోడుకునేదీ పురుగుల వల్లే అంటారు?"

"అవీ వీటికి చుట్టాలే."

పెద్దమ్మ చాలాసేపు ఆలోచించింది. ఆఖరికి రవిక చెయ్యి పైకి జరుపుకుంటూ, "నేను ఇచ్చింది పెరుగును. పురుగును ఇయ్యలేదు" అంది. డాక్టరమ్మ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. వదిన మాత్రం నవ్వలేదు, గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది.

ఆ మందు ఎర్రగా ఉంటుంది, దానిమ్మ గింజ రంగు. చిన్న గాజు బుడ్డిలో అడుగున ఇంత. ఒక మనిషి నడక, ఒక మనిషి వేళ్ళు, తోబుట్టువు పేరు, అన్నీ ఆ కాస్త ఎరుపులో ఉన్నాయంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. చేతులూ మతీ తిరిగి రావాలి, కాళ్ళకు మాత్రం ఆలస్యమైంది, ఎంత వస్తే అంతే అని డాక్టరమ్మ ముందే చెప్పింది.

అట్లాగే జరిగింది. మొదట నాలుక మంట తగ్గింది. కొన్ని వారాలకు పేర్లు వచ్చాయి. పాల లెక్క తప్పు చెప్పిన మనిషిని, వాళ్ళ నాన్న పేరూ తాత పేరూ కలిపి తిట్టిందని తెలిసి, వదిన నాకు ఫోన్ చేసి సంతోషంగా ఆ తిట్లన్నీ వినిపించింది. స్టవ్ ఆమెకు తిరిగి ఇచ్చేశారు. తర్వాత ఒకరోజు నేను పోయేసరికి వసారాలో కూర్చుని ఉంది. నన్ను చూసి, "పెరుగు తోడుకునిందా?" అని అడిగింది. నా ముఖంలోకే చూస్తూ మా ఇంటి సంగతులన్నీ అడిగింది. చాలాసేపటికి గాని నేను గమనించలేదు, ఆమె చేతుల కింద మాల పెరుగుతూ ఉంది. ఆమె తన వేళ్ళ వైపు చూడలేదు, నేనే చూస్తూ కూర్చున్నాను.

నార మాత్రం బొటనవేలికి కాక వసారా స్తంభానికి కట్టి ఉంది. కాళ్ళు పూర్తిగా రాలేదు. పగలు కర్ర లేకుండా నడిచేది, మసకలో మాత్రం పూలు కట్టుకునేది. దాపరికం ఏమీ లేదు. సాయంత్రం ఆకాశం వైపు చూసి, మిగిలిన చామంతులతో రెండు చిన్న మాలలు కట్టి, కాళ్ళకు చుట్టుకుని గట్టెక్కేది. ఊరివాళ్ళు నవ్వడం మానేశారు. గట్టు మీద ఆ పసుపు కనిపిస్తే పొద్దు వాలిందనుకునేవాళ్ళు. వదిన మాత్రం ఒప్పుకోలేదు. టార్చిలైటు కొనిచ్చింది, తెల్ల చెప్పులు కొనిచ్చింది. "ముండమోసిన మనిషి కాళ్ళకు పూలేంది, నలుగురూ నన్ను అంటారు" అని చివరిదాకా గొణుగుతూనే ఉంది. పెద్దమ్మ విననట్టు పోయేది.

పోయిన వానాకాలంలో జ్వరం వచ్చి పెద్దమ్మ వెళ్ళిపోయింది. ఆఖరు రోజు కూడా అందరినీ పేరు పెట్టి పిలిచిందట. నేను పోయేసరికి వసారాలో పడుకోబెట్టారు, దీపం పెట్టారు. కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టాలి కదా, ఒక పెద్దాయన గుడ్డపీలిక చింపి తెచ్చాడు.

వదిన లేచి ఆయన చేతిలోంచి ఆ పీలిక తీసుకుని పక్కన పెట్టింది. లోపలికి పోయి అరటినార తెచ్చింది. పెద్దమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, తడి నారతో బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టింది. తర్వాత ఒళ్ళోంచి చామంతి పూలు తీసి రెండు చీలమండల చుట్టూ మాల కట్టడం మొదలుపెట్టింది. ఆమెకు మాల కట్టడం సరిగా రాదు. పూలు జారుతున్నాయి, మళ్ళీ పెడుతోంది.

పెద్దాయన చూడలేక, "ఏందమ్మా ఇది, ఆమెకు పువ్వులు పెట్టొచ్చునా? అదీ కాళ్ళకా?" అన్నాడు.

వదిన తలెత్తలేదు. "పోయే తావున చీకటిగా ఉంటుందేమో మామా. కాళ్ళు కనపడాల కదా" అంది.